పిల్లల పత్రిక పాత సంచికలకు తెలుగు సెర్చ్: పని డైరీ

చేతిలో పాత తెలుగు రాతలున్నాయి, వాటికో సైటు పెట్టాలి, అందులో సెర్చ్ నిజంగా పనిచెయ్యాలి అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పగలు ఆఫీసులో వెబ్ డెవలపర్ పని, రాత్రిళ్లూ ఆదివారాలూ ఇదీ. భీమవరం దగ్గర మా తెలుగు మాస్టారు ఏళ్ల తరబడి నడిపిన పిల్లల మాసపత్రిక సామగ్రి ఇది. ఆయన కోరింది ఒకటే: "బాబూ, పిల్లాడు 'ఈగ' అని కొడితే ఈగ మీద రాసిన గేయం రావాలి."

సరుకు లెక్క:

1. పాత వెబ్‌సైటు డేటాబేసు నుంచి 418 రచనలు.
2. అచ్చు కోసం చేసిన పేజ్‌మేకర్ ఫైళ్ల నుంచి 894 రచనలు.
3. మొత్తం 1,312.

పనిముట్లు: పైథాన్, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు, 1 జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్, పరీక్షకు 3 జీబీ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోను. కోడ్ రాయకముందే మాస్టారితో కూర్చుని 40 మాటల జాబితా చేశాం. ఏ మాట కొడితే ఏ రచన రావాలో పక్కనే రాసుకున్నాం. తర్వాత చేసిన ప్రతి మార్పునీ ఈ 40 మీదే కొలిచాను. మీరు ఈ పని మొదలుపెడితే ముందు ఈ జాబితా చెయ్యండి. అది లేకపోతే మార్పు మేలు చేసిందో కీడు చేసిందో తెలియదు.

దశ 1: పాత డేటాబేసు, పోయిన కొమ్ములు

డేటాబేసు మొత్తాన్ని రాసిచ్చిన డంప్ ఫైలు తెరిస్తే తెలుగు ఎక్కడా లేదు. ఒక్కో తెలుగు అక్షరం ఉండాల్సిన చోట మూడేసి యూరప్ గుర్తులున్నాయి. కారణం తెలిసిందే. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంకేతం ఉంటుంది. దాన్ని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి. పాత సైటు కనెక్షన్ ఆ మూడింటినీ మూడు వేరువేరు లాటిన్ అక్షరాలనుకుని, మళ్లీ యూటీఎఫ్-8గా మార్చి దాచింది. అంటే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. విరుగుడు కూడా అందరికీ తెలిసిందే: సీపీ1252 అనే పాత విండోస్ లాటిన్ అక్షరాల పట్టికలోకి ఎన్‌కోడ్ చేసి, వచ్చిన బైట్లను యూటీఎఫ్-8గా చదవాలి.

అలా చేస్తే పైథాన్ మొదటి రచనలోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. నేను తొందరపడి, మారనివాటిని వదిలేసి ముందుకెళ్లే ఇగ్నోర్ మోడ్ పెట్టాను. ఈ ప్రాజెక్టులో ఎక్కువ చేటు చేసిన ఒక్క మాట అదే. 418 రచనలూ చకచకా మారిపోయాయి. పైపైన చూస్తే తెలుగే. చదివితే "అమ్మ" బదులు "అమమ", "కళ్లు" బదులు "కళల", "తెలుగు" బదులు "తెలగ". యూనికోడ్‌లో వత్తు అంటే పొల్లు, దాని వెనక హల్లు. గుర్తుల్లో పొల్లులూ కొమ్ములూ మాత్రమే పోయాయి, గుళ్లూ దీర్ఘాలూ ఎత్వాలూ భద్రంగా ఉన్నాయి.

ఆ రెండే ఎందుకు పోయాయో పట్టుకోవడానికి రాత్రి రెండు గంటలు పట్టింది. హెక్స్ (పదహారు అంకెల) లెక్కలో పొల్లు బైట్లు ఈ0, బీ1, 8డీ. కొమ్ము బైట్లు ఈ0, బీ1, 81. సీపీ1252 పట్టికలో ఏ అక్షరానికీ కేటాయించని బైట్లు ఐదున్నాయి: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. తెలుగులో అతి తరచుగా వచ్చే గుర్తుల్లో రెండు సరిగ్గా ఆ ఖాళీల్లో పడ్డాయి. మిగతా ఖాళీల్లో ఏ, ఐ, ఝ లాంటివి పడ్డాయి, అందుకే "ఏనుగు"లో మొదటి అక్షరం కూడా ఎగిరిపోయింది.

సరిచేసిన తీరు:

1. మారిన ఫైళ్లన్నీ పారేసి మళ్లీ అసలు డంప్ నుంచి మొదలుపెట్టాను.
2. ఆ ఐదు బైట్లనూ ఉన్నవి ఉన్నట్టే దాటించాను. ఎఫ్‌టీఎఫ్‌వై అనే, చెడిన అక్షరాలను బాగుచేసే పైథాన్ లైబ్రరీలో ఇందుకోసమే స్లాపీ విండోస్-1252 అనే ఎన్‌కోడింగ్ ఉంది.
3. ఇగ్నోర్ మోడ్ తీసేశాను. ఎర్రర్ వస్తే ఆగాలి, ఏ రచనలో వచ్చిందో చెప్పాలి.
4. మారిన ప్రతి రచనలో పొల్లుల సంఖ్య లెక్కపెట్టాను. తెలుగు వచనంలో పొల్లు ఒక్కటీ లేదంటే ఎక్కడో చెడిందన్నమాటే.

418లో 415 శుభ్రంగా వచ్చాయి. మిగతా 3 డేటాబేసులోనే సగంలో తెగిపోయి ఉన్నాయి. వాటిని అచ్చు ప్రతి చూసి టైప్ చేశాను.

ఇప్పటిదాకా: 5 గంటలు.

దశ 2: పాత ఫాంటు ఫైళ్లు

894 రచనలు యూనికోడ్ ముందటి ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫైళ్లలో ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మలు. మా ఫైళ్లలో "మ" ఒక అక్షరం కాదు, రెండు ముక్కలు. క్రావడి (ర వత్తు) హల్లుకు ముందే ఉంటుంది. కన్వర్టర్ ఈ ముక్కలను కలిపి, వరస మార్చి ఇవ్వాలి. ఉచితంగా దొరికిన ఒక కన్వర్టర్ వాడి, దాని పట్టికలో 19 వరసలు నేను చేర్చాను.

894 రచనలు ఒక్కొక్కటే చదివి తప్పులు వెతకలేం. తెలుగు రాతకే ఉన్న నియమాలను వాడుకున్నాను. ఈ కింది వాటిలో ఏది కనిపించినా ఆ మాట అనుమానితమే:

1. గుణింతపు గుర్తుతోనో పొల్లుతోనో మొదలయ్యే మాట.
2. ఒకే హల్లు మీద రెండు గుణింతపు గుర్తులు.
3. పొల్లు వెనకాలే గుణింతపు గుర్తు.
4. తెలుగు మాట మధ్యలో ఇంగ్లీషు అక్షరమో విరామ చిహ్నమో.

మొదటిసారి 2,914 మాటలు పట్టుబడ్డాయి. పట్టిక సరిచేశాక 640. అందులో చాలావరకు ఒకే బొమ్మ వల్ల వచ్చినవి. దాన్నీ సరిచేస్తే 212 మిగిలాయి. ఆ 212 మాస్టారు కాగితం మీద దిద్ది, ఫొటో తీసి పంపారు. రెండు రోజుల్లో వచ్చింది. నేనే కూర్చుంటే వారం పట్టేది, పైగా సగం తప్పుగా దిద్దేవాణ్ణి.

ఇప్పటిదాకా: 19 గంటలు. రచనలు 1,312కి 1,312 యూనికోడ్‌లో ఉన్నాయి.

దశ 3: కంటికి ఒకటే, కంప్యూటరుకు రెండు

సెర్చ్ పెట్టకముందు ఈ దశ పూర్తి చెయ్యడం మంచిదైంది. ఒకేలా కనిపించి వేరుగా ఉన్నవి మూడు రకాలు దొరికాయి.

సున్నా. "పండు"లో ఉండాల్సింది అనుస్వారం. టైప్ చేసినవాళ్లు చాలాచోట్ల తెలుగు అంకె సున్నా పెట్టారు. తెర మీద పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. 611 చోట్ల ఉంది. తెలుగు అక్షరం వెనకాల వచ్చిన అంకె సున్నాను అనుస్వారంగా మార్చాను. ముందున్నది తెలుగు అంకె అయితే మాత్రం ముట్టుకోలేదు. తెలుగు అంకెలు నేర్పే పేజీ ఒకటుంది, అందులో "౧౦" ఉంది. మొదటి ప్రయత్నంలో దాన్ని పాడుచేశాను.

ఐత్వం. ఐత్వానికి యూనికోడ్‌లో ఒకే సంకేతం ఉంది. ఎత్వమూ, కింద వచ్చే ఐత్వపు గుర్తూ విడివిడిగా రాసినా అదే ఆకారం వస్తుంది. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరపు వేరువేరు రాతలను ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) ఒక్క వరస కోడ్‌తో దీన్ని సరిచేసింది. వచనానికీ, వెతికే మాటకీ రెండింటికీ చెయ్యాలి.

కనపడని అడ్డు. "ఫోన్‌లో" అని విడిగా కనపడాలంటే పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని సంకేతం పెడతాం. అది లేకపోతే "ఫోన్లో" అవుతుంది. మన రాతలో రెండూ చెల్లుతాయి, కానీ వెతికేటప్పుడు ఒకటి కొడితే రెండోది రాదు. కన్వర్టర్ దీన్ని అక్కర్లేని చోట్ల కూడా చల్లింది. "జ్ఞాపకం"లో జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కూడా కనిపించింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం సరిగ్గా ఈ వరసే: జ, పొల్లు, ఞ, కనపడని అడ్డు, దీర్ఘం. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. మా వచనంలో అది 14 చోట్ల దొరికింది.

చేసిన నిర్ణయం: చదివే వచనంలో అడ్డు పొల్లు తర్వాత ఉంటేనే ఉంచాలి, ఇంకెక్కడున్నా తీసెయ్యాలి. సెర్చ్ కోసం దాచే రెండో కాపీలో మాత్రం అన్నిచోట్లా తీసెయ్యాలి. పాఠకుడు చదివే కాపీ, యంత్రం వెతికే కాపీ వేరువేరుగా ఉంచడం ఈ మొత్తం పనిలో నాకు బాగా కలిసొచ్చిన నిర్ణయం.

ఇప్పటిదాకా: 23 గంటలు.

దశ 4: సెర్చ్

1,312 రచనలకు పెద్ద సెర్చ్ సర్వర్ అక్కర్లేదు. ఎస్‌క్యూలైట్‌తో వచ్చే ఎఫ్‌టీఎస్5 అనే సెర్చ్ భాగం చాలనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే దాన్ని ఉన్నదున్నట్టు వాడితే తెలుగుకు పనికిరాదు.

మొదటి ప్రయత్నం: 40కి 11.

"తెలుగు" అని కొడితే 203 ఫలితాలు. మొదటి పేజీలోనే "తేలిగ్గా" ఉన్న కథ ఒకటి, "తేలు గూడు" ఉన్న కథ ఇంకొకటి. "పాప" కొడితే "పీపా" వచ్చింది. కాసేపు నా డేటానే చెడిందనుకుని దశ 1 కోడ్ మళ్లీ చూశాను. అక్కడ తప్పేమీ లేదు. ఇండెక్సులో (వెతకడానికి దాచిన మాటల జాబితాలో) ఏ మాటలున్నాయో చూపించే ఎఫ్‌టీఎస్5 వోకాబ్ టేబుల్ తెరిచాక అసలు సంగతి కనపడింది. అందులో మాటలు లేవు. త, ల, గ, ప, మ అంటూ విడి హల్లులున్నాయి.

జరిగింది ఇదీ. వచనాన్ని మాటలుగా విడగొట్టేది టోకనైజర్. ఎఫ్‌టీఎస్5 మామూలుగా వాడే యూనికోడ్61 టోకనైజర్ అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగంగా తీసుకుంటుంది. మిగతావన్నీ దాని లెక్కలో మాటకూ మాటకూ మధ్య అడ్డుగోడలు. యూనికోడ్ వర్గీకరణలో మన గుణింతపు గుర్తులు, పొల్లు, అనుస్వారం "అక్షరాలు" కావు, "మార్కులు". కాబట్టి ఎత్వం దగ్గరా కొమ్ము దగ్గరా మాట తెగింది. "తెలుగు" అంటే త, ల, గ అనే మూడు మాటల వరస అయిపోయింది. "తేలిగ్గా"లోనూ అదే వరస ఉంది.

రెండో ప్రయత్నం: 40కి 24.

1. టేబుల్ తీసేసి మళ్లీ కట్టాను. టోకనైజర్ మార్చితే ఇండెక్సు కొత్తగా కట్టక తప్పదు.
2. టోకనైజర్‌కు ఇచ్చే కేటగిరీల జాబితాలో తెలుగు గుర్తులు పడే మార్కుల వర్గాలు రెండూ చేర్చాను.
3. వోకాబ్ టేబుల్ మళ్లీ తెరిచి నిండు మాటలు కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాను.

మీ సైటు ఏ టూలుతో కట్టినా సరే, ఈ మూడో మెట్టు వదలకండి. ఇండెక్సులో ఉన్న మాటలను కళ్లారా చూడండి.

మూడో ప్రయత్నం: 40కి 33.

ఇప్పుడు "పుస్తకం" కొడితే "పుస్తకం" వస్తోంది. "పుస్తకాలు", "పుస్తకాన్ని" రావడం లేదు. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కునే వస్తాయి. దీనికి చేసిన ఉపాయం చిన్నది. వెతికే మాట చివరి గుర్తు తీసేసి, మిగిలినదానితో మొదలయ్యే మాటలన్నీ వెతకడం. "పుస్తకం"లో సున్నా తీస్తే "పుస్తక". దాని వెనక సున్నా వచ్చినా దీర్ఘం వచ్చినా దొరుకుతుంది. "చెట్టు"లో కొమ్ము తీస్తే "చెట్టెక్కి" కూడా దొరికింది. సంధి కలిసిన మాట అలా దొరుకుతుందని నేను ముందు ఊహించలేదు.

చిన్న మాటల్లో ఇది చెడుతుంది. "కలం"లో సున్నా తీస్తే "కల". అప్పుడు కలప, కలత, కలెక్టరు అన్నీ వరసకట్టాయి. అందుకని గుర్తు తీశాక కనీసం 4 సంకేతాలు మిగిలితేనే ఈ పద్ధతి, లేకపోతే మాట ఉన్నదున్నట్టే. అచ్చంగా కలిసినవి పైన, మొదలు మాత్రమే కలిసినవి కింద.

నాలుగో ప్రయత్నం: 40కి 37.

"ఇల్లు" కొడితే "ఇంటికి" రాదు. "ఊరు" కొడితే "ఊళ్లో" రాదు. "చెట్టు"కు "చెట్ల మీద" రాదు. ఏ నియమం పెట్టినా లొంగవు, పట్టిక రాసుకోవాల్సిందే. మాస్టారికి ఫోన్ చేసి అడిగితే, "అవి ఔపవిభక్తికాలు నాయనా, తొమ్మిదో తరగతిలో చెప్పాను" అన్నారు. ఆయన చెబుతుంటే 86 మాటలు రాసుకున్నాను. ఇల్లు, ఇంటి, ఇళ్ల. కన్ను, కంటి, కళ్ల. పండు, పండ్ల, పళ్ల. చెయ్యి, చేతి, చేతుల. వీటిలో ఏది కొట్టినా మిగతావీ వెతుకుతుంది.

ఐదో ప్రయత్నం: 40కి 39.

మిగిలిన వాటిలో రెండు, వెతికే మాట వేరే మాట కడుపులో ఉన్నవి: "రామయ్యగారింటికి" లాంటివి. ఎస్‌క్యూలైట్ 3.34 నుంచి ట్రైగ్రామ్ టోకనైజర్ ఉంది. మూడేసి సంకేతాలుగా కోసి దాస్తుంది కాబట్టి మాట మధ్యలో ఉన్నదీ దొరుకుతుంది. మొదట పాత ఇండెక్సు తీసేసి ఇదొక్కటే పెట్టాను. మాస్టారు అడిగిన "ఈగ" పోయింది. "ఆట" పోయింది. మూడు సంకేతాలకన్నా చిన్న మాటలు ట్రైగ్రామ్‌లో దొరకవు. "ఊరు"లో ఊ, ర, కొమ్ము మూడున్నాయి కాబట్టి గట్టెక్కింది. "ఈగ"లో రెండే. పిల్లల పత్రికలో ఇలాంటి చిన్న మాటలు ఎక్కువ.

చివరికి ఉంచిన ఏర్పాటు:

1. ముందు యూనికోడ్61 ఇండెక్సులో వెతకాలి.
2. ఫలితాలు 5 కన్నా తక్కువైతే, మాటలో 3 సంకేతాలకు తగ్గకుండా ఉంటే, ట్రైగ్రామ్‌లో కూడా వెతకాలి.
3. ట్రైగ్రామ్ ఫలితాలు ఎప్పుడూ కిందనే.

వచనం 16 ఎంబీ, మొదటి ఇండెక్సు 7 ఎంబీ, ట్రైగ్రామ్ 19 ఎంబీ. ఆ చిన్న సర్వర్ మీదే ఒక్కో వెతుకులాటకు 10 మిల్లీసెకన్ల లోపే పడుతోంది.

ట్రైగ్రామ్‌తో ఇంకో తంటా. దొరికిన భాగాన్ని బొద్దుగా చూపిస్తున్నాను కదా, "చెట్ట" వరకు బొద్దు చేసి కొమ్మును బయట వదిలేసింది. తెర మీద కొమ్ము తన హల్లు దగ్గర లేదు, చుక్కల వలయం కింద వేలాడుతోంది. బొద్దు ట్యాగు ఎప్పుడూ మాట చివరిదాకా వెళ్లేలా మార్చాను.

ఇప్పటిదాకా: 36 గంటలు.

దశ 5: లింకులు, కత్తిరింపులు

ఇక్కడా అదే మార్కుల గొడవ. శీర్షిక నుంచి లింకు తయారుచేసే పాత ఫంక్షన్ నాకు ఆఫీసు పనుల్లో ఏళ్లుగా అలవాటు. అక్షరాలూ అంకెలూ తప్ప అన్నీ తీసేస్తుంది. "కంప్యూటర్" అనే వ్యాసం లింకులో "కపయటర" అయింది. మార్కులను కూడా అనుమతిస్తే సరిపోయింది. అయితే అడ్రసు కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు సంకేతం 9 గుర్తులై లింకు చాంతాడంత అవుతోంది. పిల్లల అమ్మానాన్నలు పంచుకునేవి ఆ లింకులే. తెలుగు లింకులు మానేసి, సంచిక సంఖ్య, పేజీ సంఖ్య పెట్టాను.

ఫలితాల కింద చూపించే రెండు వరసలను 120 సంకేతాల దగ్గర కోస్తే "శ్రీ" సగానికి తెగి "శ్" మిగిలింది. బ్రౌజర్లలో ఇందుకోసం సెగ్మెంటర్ ఉంది గానీ, నేను సర్వర్ దగ్గరే, 120కి ముందున్న చివరి ఖాళీ దగ్గర కోశాను. మాట తెగదు కాబట్టి అక్షరమూ తెగదు.

ఇప్పటిదాకా: 41 గంటలు.

దశ 6: ఫాంటు

మాస్టారి ఫోనులో శీర్షికల కింద వత్తులు సగం తెగి కనపడ్డాయి. లైన్ హైట్ (వరస ఎత్తు) 1.2 ఉంది, పైగా పెట్టె దాటింది దాచెయ్యమని పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో ఉంది. "రాష్ట్రం"లో ట వత్తూ, దాని కింది క్రావడీ ఆ పెట్టెలో పట్టవు. 1.7 చేశాను.

ఫాంటు ఫైలు 246 కేబీ ఉంది. వెబ్ కోసం కుదించిన వాఫ్2 రకంగా మారిస్తే 92. ఇంకా తగ్గిద్దామని, ఫాంటులో అక్కర్లేనివి తీసేసే ఫాంట్‌టూల్స్ సబ్‌సెట్ ఆదేశంలో లేఅవుట్ ఫీచర్ల (అక్షరాలను కూర్చే నియమాల) జాబితా నేనే ఇచ్చాను, కెర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం) ఒక్కటే ఉంచి. 61 కేబీకి దిగింది. పేజీ తెరిస్తే ఒక్క వత్తూ లేదు. "అమ్మ" బదులు మ్, మ విడివిడిగా పక్కపక్కన నిలబడ్డాయి. వత్తులు కూర్చేవి నేను తీసేసిన ఆ మిగతా ఫీచర్లే. జాబితా తీసేసి, ఏ ఫీచర్లు ఉంచాలో టూలుకే వదిలేశాను. తెలుగు బ్లాకుతో పాటు అక్షరాలను కలిపే, విడదీసే కనపడని రెండు జాయినర్లూ, చుక్కల వలయమూ ఉంచాను. 84 కేబీ. ఆ 23 కేబీ దగ్గర పొదుపు చెయ్యకండి.

ఇప్పటిదాకా: 45 గంటలు.

మిగిలిన ఒక్క మాట

40లో దొరకనిది "సముద్రం". ఒక పాత కథ అచ్చులోనే అది "సముధ్రం" అని పడింది. దిద్దేయమంటారా అని మాస్టారిని అడిగాను.

"వద్దు బాబూ. ఆ కథ రాసింది ఆరో తరగతి పిల్ల. అచ్చులో ఎలా ఉందో అలాగే ఉండనీ."

చదివే కాపీ ముట్టుకోలేదు. వెతికే కాపీలో ఆ రచన చివర "సముద్రం" అని ఒక మాట చేర్చాను. 40కి 40. ఇలాంటి అచ్చుతప్పులు కనిపించినప్పుడు చేర్చడానికి టేబుల్‌లో ఒక కాలమ్ పెట్టాను. దాన్ని మాస్టారే నింపుతున్నారు, నిన్నటికి 31 రచనలకు నింపారు.